ప్రత్తివిత్తనము - పురుగుబాధ

తొలకరి సమీపించుచున్న దనగానే మన నల్లరేగడి సీమలందలి రైతు మొట్టమొదట విచారించునది ప్రత్తివిత్తనమును గూర్చి. గుంటూరు, కర్నూలు, నంద్యాల మొదలుకొని వరంగల్లు, నల్లగొండ, ఆదిలాబాదు మండలముల వఱకు ఇదియే వరుస. వరి అన్నము పెట్టును; ప్రత్తి రొక్కము తెచ్చును. ఆడుపిల్ల పెండ్లి, పాతబాకీ, పిల్లవాని చదువు, వచ్చు సంవత్సరపు కౌలు - ఇవి యన్నియు ప్రత్తికాయ పగులుటపై ఆధారపడి యున్నవి. అట్టి రైతు అంగడికి బోయి కొనితెచ్చుకొను చిన్న పొట్లములో నేమున్నదో, దాని వలన నేమి లాభము కలిగినదో, ఇప్పు డేల ఆ లాభము తఱిగిపోవుచున్నదో నిష్పక్షపాతముగ విచారించుట అత్యావశ్యకము. బి.టి. ప్రత్తిని గూర్చి మన దేశమున రెండు కేకలు విననగుచున్నవి. అది కామధేనువని యొకరు, కాలకూటమని యింకొకరు. ఈ రెండు మాటలును రైతునకు త్రోవ చూపజాలవు.

బి.టి. యనునది మన్నులో నుండు నొక సూక్ష్మజీవి పేరునకు సంక్షేపము. 1901లో జపానుదేశమున ఇషివాటా యను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగుల కాకస్మిక మరణము కలిగించు నొక సూక్ష్మజీవిని కనుగొనెను. 1911లో జర్మనీ దేశములోని తురింగియా ప్రాంతమున బెర్లినరు అను నతడు పిండిపురుగులలో దానినే కనిపెట్టి ఆ ప్రాంతము పేరు దానికి పెట్టెను. ఈ సూక్ష్మజీవి పుట్టించు నొక విధమైన మాంసకృత్తు గొంగళిపురుగు కడుపులో ప్రవేశించి, అచ్చటి క్షారగుణముచేత కరగి, ప్రేవుగోడకు రంధ్రములు చేయును. పురుగు మేత మాని రెండు మూడు దినములలో చచ్చును. మనుష్యుని కడుపున గాని పశువు కడుపున గాని ఆ మాంసకృత్తు పట్టుకొను తావు లేదు. ఆ మాంసకృత్తును పుట్టించు జన్యువును ప్రత్తిమొక్కలోనికి చేర్చిరి. అంతటితో మొక్కయే తన ఆకులోను, మొగ్గలోను, కాయలోను మందు తయారుచేసికొనుచున్నది. పైన చల్లు మందు వానకు కొట్టుకొనిపోవును. ఈ మందు కొట్టుకొనిపోదు.

ఇట్టి విత్తనమును మన రైతు లంత ఆత్రముతో నేల కౌగిలించుకొనిరో తెలియవలెనన్న అంతకు ముందటి దుర్దశను జ్ఞాపకము చేసికొనవలెను. 1987లో గుంటూరు, ప్రకాశము మండలములందు తెల్లదోమ ప్రత్తిని మాడ్చివేసెను. 1997-98లో వరంగల్లు మండలమున పొగాకు లద్దెపురుగును, శనగపచ్చపురుగును చేలను తుడిచిపెట్టెను. రైతులు అప్పుతెచ్చి మందులు కొట్టిరి. మందులకు పురుగు చావలేదు. మఱల నప్పుచేసి మఱల కొట్టిరి. తుదకు పురుగును చంపలేని మందును తామే త్రాగి వందలకొలది రైతులు ప్రాణములు విడిచిరి. ఆ దినములలో పల్లెలలో వినవచ్చిన యేడుపు మఱచినవాడు ప్రత్తివిత్తనమును గూర్చి మాటలాడ నర్హుడు కాడు. శనగపచ్చపురుగు బాధ లేని విత్తనము వచ్చినదన్న వార్త అట్టివారి చెవి కమృతప్రాయమై తోచుటలో వింతయేమి?

2002 మార్చి నెలలో భారత ప్రభుత్వము వారి అనుమతితో మూడు సంకరజాతి బి.టి. ప్రత్తులు విపణిలోనికి వచ్చినవి. అంతకు పూర్వము 2001లోనే గుజరాతులో అనుమతి లేని బి.టి. ప్రత్తి పండుచుండుట బయటపడెను. తొలి సంవత్సరము దేశమంతట నిది సుమారు 30 వేల హెక్టారులలో మాత్రమే వేయబడెను. పదేండ్లు తిరుగకమునుపే నూటికి 90 పాళ్ళకు మించిన ప్రత్తిచేలు దీని వశమైనవి. 2006లో రెండవ జన్యువును గూడ చేర్చిన విత్తనమునకు అనుమతి లభించెను. 2002-03లో దేశపు పంట 136 లక్షల బేళ్ళు. 2013-14లో 398 లక్షల బేళ్ళు. హెక్టారునకు దూది 302 కిలోలనుండి 566 కిలోలకు పెరిగెను. శనగపచ్చపురుగు, మచ్చలపురుగు ఇవి రెండును అణగెను. ఈ మేలును కాదనుట సత్యదూరము.

అయితే ఆ పెరుగుదల యంతయు ఒక్క జన్యువు ప్రసాదమే యని ప్రకటించుటయు సత్యదూరమే. ఆ సంవత్సరములలోనే గుజరాతున నీటివసతి హెచ్చినది. ఎఱువుల వాడుక హెచ్చినది. రసము పీల్చు పురుగులకు క్రొత్త మందులు వచ్చినవి. మంచి వానలు కురిసినవి. 2007-08 నాటికే దూది దిగుబడి 554 కిలోల కెక్కినది. ఆ పిమ్మట విత్తనము ఊరూర వ్యాపించినను దిగుబడి నిలిచిపోయి, ఇటీవలి సంవత్సరములలో 450 కిలోల ప్రాంతమునకు దిగజారినది. నాగపురమందలి కేంద్ర ప్రత్తి పరిశోధనాలయమునకు పూర్వాధ్యక్షులైన కేశవ క్రాంతిగారును, గ్లెన్ స్టోనుగారును 2020లో ప్రకటించిన విమర్శలో ఈ విషయమే విశదపఱచిరి. తొలుత తగ్గిన పురుగుమందుల ఖర్చు 2013 నాటికి మఱల పెరిగి పూర్వపు మట్టమును దాటెనని వారు చూపిరి. లద్దెపురుగుల కని మందు కొట్టుట మానగా పచ్చదోమ, తెల్లదోమ, తామరపురుగు విజృంభించినవి. వాటిని బి.టి. మాంసకృత్తు ముట్టజాలదు.

ఇక గులాబిపురుగు సంగతి. ఈ పురుగు విదేశీయము కాదు. భరోచి నుండి పంపబడిన మచ్చులను చూచి 1843లోనే శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టిరి. గ్రుడ్డునుండి వెలువడిన కొలది గంటలలో పురుగు కాయలో దూఱును. దూఱిన రంధ్రము పూడిపోవును. ఆ పిమ్మట నెంత మందు కొట్టినను అది లోపలి పురుగునకు తగులదు. పూవును అల్లిబిల్లిగా చుట్టుకొని లోపల తినుచుండగా రైతు దానిని గుడ్డిపూ వనును. గింజను తిని దూదిని పసుపుపచ్చగ చేయును. ఎన్నడు బయటపడును? కాయ పగిలిన నాడు! అప్పటికి ఎఱువు ఖర్చు, మందు ఖర్చు, కూలి ఖర్చు అన్నియు నైపోయియుండును. 2009లో గుజరాతులోని అమ్రేలి, భావనగరు, జునాగఢ్, రాజకోట మండలములందు మొదటి జన్యువు విషమును ఈ పురుగు జీర్ణించుకొనుచున్నదని తేలినది. 2015లో గుజరాతునందే రెండు జన్యువుల ప్రత్తియు దీనికి లోబడెను. అటుపిమ్మట మహారాష్ట్రము, తెలంగాణము, ఆంధ్రము, కర్ణాటకము వరుసగ దీని పాలబడినవి. 2017లో మహారాష్ట్రమునందలి యవత్మాల్ మండలమున ఎత్తుగ పెరిగిన ప్రత్తిచేలలో మందులు చల్లుచు 20 మందికి పైగా రైతులును, కూలివారును విషవాయువు పీల్చి మరణించిరి. 2021లో పంజాబునందలి భటిండా, మాన్సా ప్రాంతములు గూడ గులాబిపురుగుచేత దెబ్బతినెను.

ఇట్లేల జరిగెను? శాస్త్రము తప్పెనా? మేము శాస్త్రము తప్పలేదందుము. శాస్త్రము చెప్పిన నియమమును మనము తప్పితిమి. లక్ష పురుగులలో ఒకటి రెండింటికి విషమును సహించు శక్తి స్వతస్సిద్ధముగ నుండును. చేనంతయు విషమైన మొక్కలే యైనచో ఆ యొకటి రెండు మాత్రమే మిగిలి, తమలో తాము జతగూడి, తమ సంతతి కంతకును ఆ శక్తిని సంక్రమింపజేయును. చేను చుట్టును ఐదు సాళ్ళు గాని, మొత్తములో నయిదవ వంతు గాని మామూలు ప్రత్తి వేసిన యెడల అచ్చట పెరిగిన మామూలు పురుగులు వానితో జతగూడి ఆ శక్తిని పలుచన చేయును. ఈ కారణముచేతనే 450 గ్రాముల బి.టి. పొట్లముతోపాటు 120 గ్రాముల నాన్-బీటీ విత్తనమును ఇచ్చుచుండిరి. ఆ చిన్న పొట్లము నేమిచేసితిమి? గట్టుమీద పాఱవైచితిమి. రెండెకరముల చేనున్న రైతు తన భూమిలో నయిదవ భాగమును పురుగునకు బలి యిమ్మన్న నొప్పుకొనునా? ఆ పొట్లములోని విత్తనము మొలకెత్తునా లేదా యని పరీక్షించిన యధికారు లెందఱు? తుదకు 2016లో రెండు విత్తనములను ఒకే సంచిలో కలిపి యమ్మవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లైనది.

రెండవ కారణము మఱింత లోతైనది. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిలు దేశములలో బి.టి. జన్యువును సూటిరకములలో పెట్టిరి. మన దేశమున నొక్కచోటనే దేశము దేశమంతయు సంకరవిత్తనముమీద నాధారపడినది. 1970లో సూరతు పరిశోధనాక్షేత్రమున సి.టి. పటేలుగారు తొలి సంకర ప్రత్తిని సృష్టించినపుడు అది మన విద్వాంసుల ప్రజ్ఞకు పతాక, సందేహము లేదు. కాని సంకరవిత్తనమున నొక గుణమున్నది - రైతు తన పంటనుండి తీసిన గింజను మరుసటి యేడు నాటిన నది తల్లి గుణమును నిలుపుకొనదు. కావున ప్రతియేట కొనుటయే శరణ్యము. విత్తనవర్తకులకు పేటెంటు హక్కు కంటె గట్టి కంచె ఈ సంకరమే. అంతేకాదు. సంకరప్రత్తి కాయలోని గింజలలో కొన్నింట రెండు విషములును, కొన్నింట నొకటియే, కొన్నింట నేమియు నుండవు. గింజలనే తిని బ్రదుకు గులాబిపురుగున కది బడి వంటిది. కొంచెము కొంచెముగ విషమును రుచిచూచి దానికి అలవాటు పడు అవకాశమును మనమే కల్పించితిమి. దీనికితోడు ఆఱేడు నెలలు చేనిలో నుండు దీర్ఘకాలపు రకములు! జనవరి, ఫిబ్రవరి వఱకు కాయ నిలిచియున్నచో ప్రత్తి తప్ప ఇంచుమించు వేఱు మేత నెఱుగని పురుగు తరముపై తరము పెరుగకేమి చేయును?

పరదేశములు దీనినే యెట్లెదుర్కొన్నవో చూడుడు. ఆస్ట్రేలియాలో 1996 మొదలు రెండవ జన్యువు వచ్చువఱకు మొత్తము ప్రత్తిభూమిలో నూటికి 30 పాళ్ళకు మించి బి.టి. వేయరాదని కట్టడి చేసిరి. పంట కాగానే నేల దున్ని మట్టిలోని కోశస్థపురుగులను చంపుట రైతున కొక విధిగా నేర్పఱచిరి. అమెరికాలో ఆరిజోనా రైతులు పదేండ్లు మామూలు ప్రత్తిసాళ్ళ నియమమును నిష్ఠతో పాటించి, 2006 నుండి గొడ్డుపఱచిన మగరెక్కపురుగులను విమానములతో చేలపై వదలి, లింగాకర్షక బుట్టలు కట్టి, మోళ్ళు దున్ని, తుదకు 2018లో గులాబిపురుగు తమ ప్రత్తిసీమలలో సమసిపోయెనని ప్రకటించుకొనిరి. చైనాలో యాంగ్‌ట్సీ లోయయందు రైతులు సంకరప్రత్తి రెండవతరపు విత్తనమును వేయగా నందు నాలుగవ వంతు మొక్కలు విషము లేనివై, పురుగునకు వచ్చుచున్న సహనశక్తి వెనుకకు తగ్గినది. అమెరికా, చైనాలలో పురుగు ఇదియే, విత్తనములోని జన్యువులును ఇంచుమించు అవియే. ఫలము వేఱగుటకు కారణము నడవడి వేఱగుటయే.

ఈ కథలో మన రాష్ట్రము తల యెత్తుకొనదగిన ఘట్టము గూడ నొకటి కలదు. విత్తనము పొట్లము వెల 1,600 రూపాయలు దాటి, అందులో సుమారు 1,250 రూపాయలు రాయల్టీ పేరిట పోవుచుండగా, 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తాధిపత్య నిరోధక కమిషను నాశ్రయించెను. ఆ యేటనే పొట్లము వెల 750 రూపాయలకు దిగెను. ఇతర రాష్ట్రములును ఆ త్రోవనే త్రొక్కినవి. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని వెల నిర్ణయించు నుత్తరువు నిచ్చినది; 2020లో రాయల్టీని బొత్తిగా తీసివేసినది. రైతు పక్షమున రాజ్యము నిలువబడిన నెంతటి సంస్థయైనను దిగిరాక తప్పదని దీనివలన తేటపడుచున్నది. కాని వెల తగ్గించుటతో ప్రభుత్వధర్మము తీఱినదా? మొద్దుబారిన కత్తిని చవుకగ నిచ్చుట యుపకారము కాదు.

ప్రభుత్వ పరిశోధనాలయములు తామే సూటిరకములో బి.టి. జన్యువును పెట్టి, 2009లో బికనేరి నర్మా బి.టి. యను ప్రత్తిని రైతుల చేతికిచ్చిరి. రైతు తన గింజను తాను దాచుకొనదగిన తొలి బి.టి. ప్రత్తి యదియే. దురదృష్టవశమున అందు పరాయి సంస్థవారి జన్యువు కలిసియుండెనని తేలుటచే నా సంవత్సరాంతముననే దానిని నిలిపివేసిరి. ఆ పొరపాటునకు సిగ్గుపడి మఱింత జాగ్రత్తతో పని సాగింపవలసియుండగా విలువైన కాలము వృథాయైనది. ఆ పిమ్మట నాగపురమువారు కొన్ని సూటి బి.టి. రకములను వెలువరించిరి. మన నంద్యాలలో నరసింహ ప్రత్తిని పుట్టించిన పరిశోధనాక్షేత్రమున్నది. గుంటూరు ప్రక్కన లాం క్షేత్రమున్నది. సూటిరకము, అయిదు నెలలలో పంట ముగించు నది, దగ్గఱ దగ్గఱగ నాటదగినది - ఇట్టి విత్తనమును రైతున కందించుట యీ క్షేత్రముల ప్రథమకర్తవ్యము. 2001 నాటి రైతు హక్కుల చట్టము ప్రకారము తన చేనిగింజను దాచుకొనుట, పొఱుగువాని కిచ్చుట, మార్పు చేసికొనుట రైతునకు హక్కు. కాని దాచదగిన గింజ లేనినాడు దాచుకొను హక్కు కాగితముమీది పులి.

ఇచ్చట నొక హెచ్చరిక. కలుపుమందునకు చావని ప్రత్తి యని చెప్పి, అనుమతి లేని విత్తనమును రాత్రివేళ రహస్యముగ నమ్మువారు పల్లెలలో బయలుదేఱిరి. 2017-18లో కేంద్రప్రభుత్వము నియమించిన పరిశీలక సంఘము ఆంధ్ర, తెలంగాణ, గుజరాతు, మహారాష్ట్రములందు సుమారు నూటికి 15 పాళ్ళ ప్రత్తిచేలలో నిట్టి విత్తన మున్నదని తేల్చెను. కలుపుకూలి పెరిగిన యీ దినములలో రైతుకు దానిపై మోజు కలుగుట సహజమే. కాని చీటి లేని విత్తనము మొలవకున్న నడుగు దిక్కు లేదు. అందు పురుగును చంపు జన్యువున్నదో లేదో చెప్పువారు లేరు. దాని చుట్టును వేయవలసిన సాళ్ళ మాట యెత్తువారే లేరు. చట్టము కన్నుగప్పి వచ్చిన విత్తనము పురుగునకు మఱియొక బడి.

ఇక మా పాఠకులతో ముఖాముఖి కొన్ని మాటలు. మీలో చాలమంది భూస్వాములు. పట్టణమున నివసించి పల్లెలో భూమిని కౌలున కిచ్చినవారు. కౌలుదారుడు జనవరి గడిచినను ప్రత్తికట్టెను పెఱుకక నిలుపుట సోమరితనముచే గాదు; కడపటి యేరులో వచ్చు రెండు మూటల దూదియైన కౌలునకు చేరునని యాస. ఆ రెండు మూటల దూదితో వచ్చు సంవత్సరపు పురుగు నూరిలో పెంచుచున్నాడు. కావున కౌలుదారుతో ఒప్పందము వ్రాసికొనునపుడే డిసెంబరు నాటికి ప్రత్తి ముగించి మోళ్ళు దున్నించు షరతు నుంచి, అందు వలన నతనికి కలుగు నష్టమును కౌలులో కొంత తగ్గించి తీర్చవలెను. ఇది దానము గాదు. తన భూమి తాను కాపాడుకొనుట. ఒక్కడు దున్ని ప్రక్కవాడు దున్నకున్న ఫలము లేదు. రెక్కల పురుగునకు గట్టు అడ్డము గాదు. ఊరంతయు నొక్కమాట మీద నిలిచిననే పని నెఱవేఱును. మద్రాసు రాజధానిలో 1919లోనే సస్యముల పురుగులను, తెగుళ్ళను గూర్చిన శాసనము చేసి, ప్రత్తిచెట్లను నియమిత కాలములో పెఱికివేయించు నధికారమును ప్రభుత్వమునకు కల్పించిరి. నేటి ప్రభుత్వములు ఆ మార్గమును మఱల తెఱువవలెను.

జిన్నింగు మిల్లుల యజమానులకును ఇందు బాధ్యత కలదు. మిల్లులో నిలువయున్న ప్రత్తిగింజలలోను, చెత్తలోను పురుగు నిద్రించి వేసవి చివర రెక్కలు దాల్చి చుట్టుప్రక్కల చేలకు పోవును. చెత్తను కాల్చుట, గింజను తొందరగ గానుగకు పంపుట, ఆవరణమున లింగాకర్షక బుట్టలు కట్టుట - వీటి కగు ఖర్చు స్వల్పము. ఇంటి ముంగిట ప్రత్తికట్టెను వంటచెఱకుగ పేర్చుకొను నాచారము గూడ పురుగునకు సత్రము కట్టించినట్లే. ఆ కట్టెను చేనిలోనే ముక్కలు చేసి నేలలో కలుపు యంత్రములు వచ్చియున్నవి. వాటిని సహకార సంఘములు కొని అద్దెకిచ్చుట యుక్తము.

ప్రభుత్వమువారికి మా విన్నపము మూడు మాటలు. సూటిరకపు బి.టి. విత్తనమును ప్రభుత్వ క్షేత్రములనుండి విరివిగ పంచుడు. సంచిలో కలిపిన నాన్-బీటీ గింజ నిజముగ నున్నదా, మొలకెత్తునా యని ప్రతి సంవత్సరము పరీక్షించి ఫలితములను పత్రికలలో ప్రకటింపుడు. ప్రత్తి ముగించు తేదీని మండలమునకొకటి నిర్ణయించి, దానిని పాటించిన యూళ్ళకు భీమా రుసుములో తగ్గింపు నిండు. వరంగల్లులో నాడు తండ్రిని పోగొట్టుకొన్న పిల్లలు నేడు తామే ప్రత్తి వేయుచున్నారు. వారి యెదుట మఱల నా పాత నాటకమే ఆడనీయరాదు.

జన్యువు దేవత గాదు, దయ్యము గాదు. అది యొక పనిముట్టు. నాగలి యైనను తడి చూచి కట్టవలెను. ఎన్ని క్రొత్త జన్యువులు వచ్చినను నియమము లేని చేనిలో పది సంవత్సరములు నిలువవు. పురుగు తన పాఠమును తరమున కొకసారి నేర్చుకొనుచున్నది. సంవత్సరములో దానికి నాలుగైదు తరములు. మనకు తరమున కొక్కటే వ్యవధి. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుట వివేకము.